ఒకే బల్ల దగ్గర

ఆ ఏడాది మా యూదుల పంచాంగంలో ఎలూల్ నెల మొదటి రోజున నూసన్ గారు పొట్టేలు కొమ్ము ఊదగానే మా గుర్రాలు కంచె దూకి పారిపోయాయి. ఏటా ఇదే గొడవ. కొత్త సంవత్సరానికి ముందు నెలంతా పొద్దున్న ప్రార్థన అవగానే కొమ్ము ఊదాలి, నిద్రపోతున్న మనసులు లేవాలని. మనసుల సంగతి నాకు తెలియదు కానీ మా కాలనీలో ముందు లేచేవి గుర్రాలు, ఆ తర్వాత కుక్కలు. అన్నయ్య గెట్సల్ పచ్చి గోధుమ చేలో పడి వాటి వెనక పరిగెడుతుంటే, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని అమ్మ నవ్వింది. నవ్వితే దగ్గు, దగ్గితే ఆయాసం. అది కాస్త తగ్గాక నన్ను పిలిచింది.

"మిందల్, ఈ పండగ రాత్రి వాణ్ణి పెద్ద బల్ల దగ్గర కూర్చోబెడతాను, చూస్తూ ఉండు."

నేను ఆవిడ శాలువా సర్ది పనిలో పడ్డాను.

మా ఇంట్లో రెండు బల్లలుండేవి. ముందుగదిలో పెద్దది, వంటింట్లో చిన్నది. పెద్ద బల్ల దగ్గర నాన్న, అమ్మ, నేను తినేవాళ్ళం. వంటింట్లో అన్నయ్య ఒక్కడే తినేవాడు. తండ్రీకొడుకులకి మాటల్లేవని అనుకోకండి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా పొలంలో పక్కపక్కనే పనిచేసేవాళ్ళు. మాతె ఆకు కషాయం ఒకే సొరబుర్రలోంచి, ఒకే గొట్టంతో ఒకరి తర్వాత ఒకరు పీల్చేవాళ్ళు. వారం వారం మా విశ్రాంతి రోజు, సబ్బాతు మొదలయ్యే రాత్రి పిల్లల్ని దీవించే వేళకి నాన్న వంటింటి గుమ్మం దాకా నడిచి వెళ్ళి, అన్నయ్య తల మీద చెయ్యి పెట్టి, చదవాల్సిందంతా చదివి, తిరిగొచ్చి తన కుర్చీలో కూర్చునేవాడు. బల్ల ఒక్కటే కుదరదు. ఒట్టు పెట్టుకున్నాడు.

నాకొక తమ్ముడుండేవాడు, యోయ్నె. ఏటా శీతాకాలం చివర వచ్చే సాంతా రోసా గాలివాన కురిసి వెలిసిన మర్నాడు వాగు పొంగింది. రేవు దాటొద్దని నాన్న చెప్పాడు. దాటనని అన్నయ్య నాన్న చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. అవతలి ఒడ్డున గుర్రప్పందేలు. అన్నయ్యకి అప్పుడు పదిహేడేళ్ళు. పిల్లాడు తనూ వస్తానని బండి పట్టుకుని ఏడ్చాడు. వాగు మధ్యలో బండి తిరగబడింది. అన్నయ్య ఈదుకుంటూ ఒడ్డెక్కాడు. యోయ్నె మర్నాడు దొరికాడు. పోయినవాళ్ళ కోసం కింద కూర్చుని దుఃఖం పాటించే వారమంతా అయిపోయి మళ్ళీ బల్ల దగ్గర చేరబోతున్న పూట, వచ్చిన నలుగురూ వింటుండగా నాన్న అన్నాడు. "మాటిచ్చి తప్పినవాడితో, నేను బతికుండగా, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినను." అరవలేదు, చెయ్యి చేసుకోలేదు. అన్నయ్య తన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి, ఇల్లు అలాగే నడిచింది. బయటివాళ్ళెవరైనా వస్తే వింతగా చూసేవాళ్ళు కానీ మాకు వింత అనిపించడం ఎప్పుడో మానేసింది.

అమ్మకి మానలేదు. ఆ చలికాలం ఆవిడ కాళ్ళకి నీరు దిగింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడదు, దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోయేది. కాలనీ ఆస్పత్రి డాక్టరు నాన్ననీ నన్నూ వసారాలోకి పిలిచి, గుండె బాగా అలిసిపోయిందనీ, గోధుమ కోతల దాకా ఉంటుందని తను చెప్పలేననీ అన్నాడు. మేం అమ్మకి చెప్పలేదు. ఆవిడ మమ్మల్ని అడగనూ లేదు.

ఎలూల్‌లో మా ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళి నూలుదారంతో సమాధులు కొలుస్తారు. ఆ దారాన్నే వత్తులుగా చేసి, కొత్త సంవత్సరం వచ్చిన పదో రోజున, పెద్ద ఉపవాసానికి వెలిగించే కొవ్వొత్తులు పోస్తారు. ఈసారి నువ్వు రావద్దమ్మా అంటే వినలేదు. అన్నయ్య బండిలో పరుపు వేసి తీసుకొచ్చాడు. యోయ్నె సమాధి ఎంతుంటుంది, రెండు బారలు దారం పట్టదు. అది చుట్టి రావడానికి అమ్మ తురకవేప మానుకి ఆనుకుని మూడుసార్లు ఆగింది. చివరికి అన్నయ్యే దారం కొస అందుకున్నాడు.

"పండగ రాత్రికి తెల్ల చొక్కా ఉతికి పెట్టుకోరా" అంది అమ్మ.

"వంటింట్లో తెల్ల చొక్కా దేనికే? మసి అవుతుంది."

"వంటింట్లో కాదు. మీ నాన్న పక్కన."

అన్నయ్య దారం వేలికి చుడుతూ నేల చూశాడు. "నాకు ఆశ పెట్టకమ్మా. నాకు అలవాటైపోయింది."

"నాకు అవలేదురా."

ఆ సాయంత్రం నాన్న ముందుగదిలో కూర్చుని గుర్రం పగ్గాలకి కొవ్వు రాస్తున్నాడు. పక్కింటి కల్మన్ బాబాయి వచ్చి ఉన్నాడు. అమ్మ ఆయన వచ్చే వేళ చూసుకునే మాట ఎత్తిందని నా అనుమానం.

కొత్త సంవత్సరం రేపనగా పొద్దున్నే మా మగవాళ్ళు ముగ్గురేసి న్యాయస్థానంలా కూర్చుని, ఒకరి ఒట్లు ఒకరు విప్పుతారు. ఏడాది పొడుగునా తెలిసీ తెలియక నోరు జారిన ఒట్లతో కొత్త ఏడాదిలోకి అడుగు పెట్టకూడదని. ఆ ముగ్గురిలో నాన్న ఎప్పుడూ ఉండేవాడు, ఆయన మాటంటే ఊళ్ళో అంత గురి. తన వంతు వచ్చినప్పుడు అందరూ చదివే మాటలే చదివి, చివర చిన్నగా "ఒక్కటి తప్ప" అని కలిపేవాడు. అది ఊరంతా వినేది.

"ఏమయ్యా, ఈసారి ఆ 'ఒక్కటి తప్ప' అనకు" అంది అమ్మ.

"అనకపోతే మాత్రం పోతుందా? పదిమందిలో అన్న ఒట్టు. విడిగా నిలబడి, అదేమిటో చెప్పి విప్పించుకోవాలి."

"అయితే విడిగానే నిలబడు."

నాన్న పగ్గం మీద కొవ్వు రుద్దుతూనే ఉన్నాడు.

కల్మన్ బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఒరే ఫ్రోయిమూ, సారా మానేస్తానని ఏటా నేను ఒట్టేస్తాను. ఏటా నువ్వే కూర్చుని విప్పుతావు. నా ఒట్లు విప్పీ విప్పీ నీ వేళ్ళు అరిగిపోయుంటాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నన్ను విప్పనియ్యరా."

"నీ ఒట్టు ఎవడు నమ్మాడు గనక విప్పడానికి?"

"నా పెళ్ళాం నమ్మింది పాపం, మొదటి ఏడాది."

నాన్న నవ్వాడు. అమ్మ నవ్వలేదు. "పెళ్ళయి ఇన్నేళ్ళు. ఈ మట్టిలోకి తీసుకొచ్చావు, మిడతలు తిన్నంత తిన్నాక మిగిలింది వండి పెట్టాను. ఇది కావాలని నిన్ను అడిగానా ఎప్పుడన్నా? ఇప్పుడు అడుగుతున్నా. నేనుండగా నా పిల్లాణ్ణి బల్ల దగ్గర చూడాలి."

నేనుండగా అన్న మాట దగ్గర నాన్న చెయ్యి ఆగింది. పగ్గం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సరే. ముగ్గురి ముందూ నిలబడతాను" అన్నాడు.

అంతే, మేం పండగలో పడిపోయాం. నాన్న నిలబడతానన్నాడు, విప్పించుకుంటానని అనలేదు. ఆ తేడా ఆయన నోట్లోంచి వచ్చే మాటల్లో ఎప్పుడూ ఉంటుందని మా అందరికీ తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు. అన్నయ్య అటక మీంచి నాలుగో కుర్చీ దించి విరిగిన కాలు బిగించాడు. కల్మన్ బాబాయి వచ్చి వాడికి జుట్టు కత్తిరించి, వెనక మెట్లు మెట్లుగా చేసి వెళ్ళాడు. నేను గుండ్రటి రొట్టెలు చుట్టాను. పెద్దవాళ్ళ పాత దేశంలో ఈ పండక్కి ఆపిల్ పళ్ళు చెట్టునే ఉంటాయట. సముద్రం దాటి వచ్చిన ఈ దేశంలో కాలాలు తిరగబడ్డాయి, మాకిప్పుడు వసంతం, చెట్టుకి ఇంకా పూలే. పెట్లో గడ్డి మధ్య దాచిన, ముడతలు పడ్డవే తేనెలో ముంచుకోవాలి. అన్నయ్య వాగుకి వెళ్ళి పెద్ద బోగా చేప పట్టుకొచ్చాడు, ఏడాదంతా తలగా ఉండాలి తోకగా కాదు అని చెప్పి తల తినాలి కదా. ఆ వాగుకి వాడు వెళ్ళడం అన్నేళ్ళలో అదే మొదటిసారి. అమ్మ కూర్చున్న చోటునుంచే మా అందరికీ పనులు పురమాయించింది. ఆవిడ ముఖంలో రంగు వచ్చిందని త్సిపె పిన్ని, అంటే కల్మన్ బాబాయి భార్య, నాతో అంది. నేనూ నమ్మాను.

పండగ రేపనగా ఆ ఒక్క పొద్దూ కొమ్ము ఊదరు. గుర్రాలు ప్రార్థనా మందిరం బయట తలలు వంచుకుని నిలబడి ఉన్నాయి. మందిరమంటే రేకుల కప్పున్న పొడుగాటి గది. మధ్యలో తెర, తెరకి ఇవతల ఆడవాళ్ళం. అమ్మని ఒక చేత్తో నేను, ఒక చేత్తో పిన్ని పట్టుకుని తీసుకొచ్చి బల్లపీట మీద కూర్చోబెట్టాం. తెర పాతబడి పలచనైపోయింది, అవతలి మనుషులు బాగానే కనిపిస్తారు. వెనక తలుపు దగ్గర అన్నయ్య టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడు.

ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో నూసన్ గారు. ఆయనే మాకు కోళ్ళు కోసి పెట్టేది, ప్రార్థన నడిపేది, శాస్త్రం చెప్పేది. ఆయనకి ఇటు కల్మన్ బాబాయి, అటు ధాన్యం కొట్టు జెలిగ్. నాన్న వాళ్ళ ఎదురుగా నిలబడి, తన ఒట్టు ఏ రోజు ఏ మాటల్లో అన్నాడో ఆ మాటల్లోనే మళ్ళీ చెప్పాడు.

"నీకు పద్ధతి తెలుసు ఫ్రోయిమ్" అన్నారు నూసన్ గారు మెత్తగా. "ఆ మాట అన్నందుకు విచారిస్తున్నావా, ఆ రోజు ఇదంతా తెలిసుంటే అనేవాడివా అని అడుగుతాం. అనేవాణ్ణి కాదని చెప్పు. విడిపోయిందని మేం ముగ్గురం మూడుసార్లు అంటాం. ఇంటికెళ్ళి పండగ చేసుకో."

నాన్న తల అడ్డంగా ఊపాడు.

"బ్రాయ్నె వదిన ఇలా జబ్బుపడుతుందని తెలిస్తే అనేవాడివా?" కల్మన్ బాబాయి అందుకున్నాడు.

"ఆ రోజుకి ఆ జబ్బు లేదు. అప్పటికి లేనిదాన్ని సాకు చేసుకుని ఒట్టు విప్పకూడదని నేనే నీకు చెప్పాను, పోయిన ఏడు."

"పోనీ, పిల్లాడు ఇన్నేళ్ళు వంటింట్లో ఒంటరిగా కూర్చుని తింటాడని తెలిస్తే?"

"తెలిసే అన్నాను."

నూసన్ గారు కొంచెం ముందుకి వంగారు. "కోపంలో అన్నావు. అవునా? కోపంలో అన్నానని చెప్పు, చాలు."

"కోపం లేదు నూసన్ గారూ. ఉంటే బాగుండేది."

తెర వెనక అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ చేతిలో అంత బలం ఉందని నేననుకోలేదు.

"ఫ్రోయిమ్, 'అనకుండా ఉండాల్సింది' అను. ఒక్క మాట. దేవుడు నీ నోరు చూస్తాడు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు నూసన్ గారు.

నాన్న టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నా పిల్లాణ్ణి తెచ్చి ఈ చేతుల్లో పెట్టారు. చెవుల నిండా ఇసుక. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ ఆ మాటే అంటాను. అననని మీ ముగ్గురి ముందూ చెబితే, మాట తప్పినవాడికీ నాకూ తేడా ఏముంది? వాణ్ణి ఇన్నేళ్ళు వంటింట్లో కూర్చోబెట్టడానికి నాకేం హక్కుంది?"

నూసన్ గారు పుస్తకం మూశారు. "అబద్ధం మీద మేం విప్పలేం" అన్నారు, అదేదో ఆయన తప్పయినట్టు. వెనక తలుపు చప్పుడైంది. అన్నయ్య బయటికి వెళ్ళిపోయాడు. తర్వాతివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి గబగబా తమ ఒట్లు విప్పించుకున్నారు. కల్మన్ బాబాయి ఆ ఏడు తన వంతుకి లేవలేదు.

ఇంట్లోకి అడుగు పెట్టగానే, శాలువా అయినా తియ్యకుండా అమ్మ నాన్న వైపు తిరిగింది.

"నేనూ ఒట్టు పెడుతున్నా, విను. మీరిద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చునే దాకా నా నోట్లో ముద్ద పెట్టను."

ఆ మాట పూర్తవుతూనే నాన్న అందుకున్నాడు. "రద్దు చేశాను. రద్దు చేశాను. రద్దు చేశాను."

మా శాస్త్రంలో భార్య పెట్టుకున్న ఒట్టుని, విన్న రోజు పొద్దుగుంకేలోగా మొగుడు రద్దు చెయ్యొచ్చు. కారణం చెప్పక్కర్లేదు, ముగ్గురు కూర్చోనక్కర్లేదు. అమ్మ కాసేపు నాన్ననే చూసింది. తర్వాత నవ్వింది. అలాంటి నవ్వు నేను మళ్ళీ వినకూడదు.

"నా మాటకి పొద్దుగుంకే దాకా ఆయుష్షు. నీ మాటకి చచ్చేదాకా. చచ్చేదెవరో మరి."

నాన్న గుర్రాల కొట్టంలోకి వెళ్ళిపోయాడు. నాకు ఆయన మీద కోపంతో ఒళ్ళు మండిపోయింది. ఒక్క అబద్ధం. పెళ్ళాం కోసం, పండగ పూట, ఊరంతా చెవులు మూసుకోడానికి సిద్ధంగా ఉన్న ఒక్క అబద్ధం. ఆయన నిజాయితీని ఆ రోజు నేను అసహ్యించుకున్నాను. ఇప్పటికీ అసహ్యించుకుంటాను.

చీకటి పడే ముందు దీపాలు వెలిగించి అమ్మ తన కుర్చీ ముందుగదికీ వంటింటికీ మధ్య గుమ్మంలో వెయ్యమంది. అక్కడ కూర్చుంటే పెద్ద బల్లా కనిపిస్తుంది, చిన్న బల్లా కనిపిస్తుంది. నాన్న ద్రాక్షరసం మీద దీవెన చదివి, రొట్టె విరిచి, తేనెలో ముంచి, మొదటి ముక్క నా చేత పంపకుండా తనే వంటింట్లోకి తీసుకెళ్ళి అన్నయ్యకిచ్చాడు. చేప తల కోసి సగం పంపించాడు. అమ్మ ముడతల ఆపిల్ ముక్క తేనెలో ముంచి "తియ్యటి ఏడాది" అంది. తింది కూడా, ఒట్టు రద్దయింది కదా.

"అమ్మా, చొక్కాకి మసి అంటలేదు చూడు" అన్నాడు అన్నయ్య వంటింట్లోంచి.

అమ్మ అటు చూసి తలాడించింది. నాన్న తన పళ్ళెంలోకి చూస్తూ కూర్చున్నాడు. నాలుగో కుర్చీ గోడకి జరిపేసి ఉంది.

పండగ వెళ్ళిన రెండో రోజు తెల్లవారుతుండగా అమ్మ పోయింది. దిండ్లకి ఆనుకుని, కిటికీ వైపు తల తిప్పి. నేను కషాయం తీసుకొచ్చేసరికి చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. నాన్నని కేకేశాను. నాన్న వచ్చి చూసి, అన్నయ్యని కేకేశాడు. ఆ మధ్యాహ్నమే యోయ్నె పక్కన పడుకోబెట్టాం.

మేం శ్మశానం నుంచి వచ్చేసరికి త్సిపె పిన్ని ఇల్లు సిద్ధం చేసి ఉంచింది. అద్దం మీద దుప్పటి కప్పింది. వచ్చేపోయేవాళ్ళకి చోటు చాలదని కల్మన్ బాబాయి పెద్ద బల్ల వసారాలోకి లాగేశాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళు కుర్చీల మీద కూర్చోకూడదు కదా, పిన్ని మాకు మూడు పళ్ళ పెట్టెలు తిరగేసి వేసింది. ఒకదాని మీద నాన్న కూర్చున్నాడు. పక్కదాని మీద అన్నయ్య. ఇద్దరి చొక్కాలూ ఆచారం కొద్దీ గుండె దగ్గర చింపి ఉన్నాయి. నేను మూడోదాని మీద కూర్చున్నాను. ఆ పూట ఇంటి తిండి ముట్టకూడదు, పక్కవాళ్ళు పెట్టాలి. పిన్ని ఒక పెద్ద పళ్ళెంలో ఉడికించిన గుడ్లు, గుండ్రటి రొట్టె తెచ్చి, మా మధ్య నేల మీద గుడ్డ పరిచి పెట్టింది.

అన్నయ్య అలవాటుగా లేవబోయాడు, వంటింట్లోకి వెళ్ళడానికి. లేచి సగంలో ఆగాడు. నేల మీదున్న పళ్ళెం చూశాడు. నాన్న కూడా అదే చూస్తున్నాడు. తర్వాత నాన్న ఒక గుడ్డు తీసుకుని, పొట్టు వొలిచి, అన్నయ్య చేతికిచ్చాడు.

"కూర్చో. తిను" అన్నాడు.

అన్నయ్య కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే పళ్ళెంలోంచి, మోకాళ్ళు తగులుతుండగా తిన్నారు. బల్ల లేదు. ఒట్టుకి ఏమీ కాలేదు.

"అయ్యో తల్లీ, ఇంత సులువా!" అంది త్సిపె పిన్ని, ఆ వెంటనే రెండు చేతులతో నోరు మూసుకుంది.

ఇంత సులువే. నేల మీద గుడ్డ పరిస్తే సరిపోయేది. శాస్త్రం తెలిసిన నూసన్ గారికి తట్టలేదు. ఒట్టు ఎలా విప్పాలా అని ఊరు ఊరంతా బుర్ర బద్దలు కొట్టుకుంది, ఆ బల్ల తీసి బయట పెట్టాలని మాలో ఒక్కరికీ తోచలేదు. అమ్మ గుమ్మంలో కుర్చీ వేయించుకుని అటూ ఇటూ చూస్తూ కూర్చున్న ఆ రాత్రి కూడా తోచలేదు. నేను గుడ్డు పళ్ళెంలో పెట్టేశాను. పిన్ని వీపు నిమిరితే అప్పుడు ఏడుపు వచ్చింది.

ఆ రోజులన్నీ వాళ్ళిద్దరూ అలాగే తిన్నారు. పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. గోధుమకి వాన కావాలని ఒకరంటే, అవునని రెండోవారు అనేవాళ్ళు. మధ్యలో సబ్బాతు వచ్చింది. ఆ రోజు దుఃఖం బయటికి కనబడకూడదు, కుర్చీల మీదే కూర్చోవాలి, బల్ల మీదే తినాలి. బల్ల లోపలికి వచ్చింది. అన్నయ్య ఎవరూ చెప్పకుండానే కల్మన్ బాబాయి ఇంటికి భోజనానికి వెళ్ళిపోయాడు. సబ్బాతు ముగిసిందని చెప్పే చుక్కల కోసం ఆ సాయంత్రం నాన్న ఎన్నిసార్లు వాకిట్లోకి వెళ్ళాడో. చుక్కలు కనబడగానే ఆయనే బల్ల బయటికి లాగి, పెట్టె తిరగేసుకుని కూర్చుని, అన్నయ్య వచ్చేదాకా తలుపు వైపే చూశాడు. పెళ్ళాం పోయిన దుఃఖంలోకి తిరిగి వెళ్ళడానికి ఒక మనిషి అంత తొందరపడటం నేనెక్కడా చూడలేదు.

కానీ పెద్ద ఉపవాసం వచ్చిపడింది. అది వస్తే దుఃఖం వారం నిండకపోయినా ఆగిపోవాలి. ఉపవాసం మొదలయ్యే రోజు మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక నూసన్ గారు, కల్మన్ బాబాయి, జెలిగ్ వచ్చి "ఇక లేవండి" అన్నారు. లేచి స్నానాలు చేసి, పొద్దుగుంకేలోగా నాలుగు ముద్దలు తినాలి. మర్నాడు చుక్కలు వచ్చేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు.

"ముగ్గురం ఉన్నాం ఫ్రోయిమూ" అన్నాడు కల్మన్ బాబాయి నేల చూస్తూ. "మళ్ళీ అడగమంటావా?"

"అక్కర్లేదు. మీరు అడిగితే నేను చెప్పేది అదే" అన్నాడు నాన్న. "బల్ల బయటే ఉండనీ. మేం ఇలాగే తింటాం."

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను కోడి పులుసు, అన్నం పళ్ళేల్లో పెట్టి తెచ్చేసరికి నాన్న మళ్ళీ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు, పక్క పెట్టె దగ్గరికి జరిపి. అన్నయ్య వసారాలోంచి బల్ల ఒక్కడే ఎత్తుకుని గుమ్మంలోంచి తీసుకొస్తున్నాడు. అది ఇద్దరు మోసే బల్ల. తెచ్చి దాని చోట దాన్ని పెట్టాడు. గుడ్డ పరిచాడు. నాన్న కుర్చీ వేశాడు.

"అది ఎందుకురా లోపలికి? ఇలాగే తిందాం" అన్నాడు నాన్న. "రోజూ ఇలాగే తిందాం."

"ఈ ఉపాయం అమ్మ ఉన్నప్పుడు పనికొచ్చేది నాన్నా."

"నాకు తట్టలేదురా."

"నాకూ తట్టలేదు" అన్నాడు అన్నయ్య. నా చేతిలోంచి తన పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వెళ్ళి, చిన్న బల్ల దగ్గర కూర్చున్నాడు.

నాన్న పెట్టె మీంచి లేవలేదు. పులుసు చల్లారింది. కిటికీలోంచి ఎండ నేల మీదికి వచ్చి, గోడ ఎక్కి, సన్నబడిపోయింది. వంటింట్లో చెంచా చప్పుడు కాసేపు వినబడి ఆగింది. పక్కింట్లో పిన్ని దీపాలు వెలిగిస్తోంది.

"మిందల్" అన్నాడు నాన్న. ఆయన పళ్ళెం ఎలా పెట్టింది అలాగే ఉంది. "నీళ్ళు బాగా తాగమని వాడికి చెప్పు. రేపు ఎండ ఎక్కువుంటుంది."